సాంబార్ అంటే ఒక దుప్పి

స్క్రాబుల్ ఆడేవాళ్ళందరికీ ఒక భయం ఉంటుంది. చేతిలో క్యూ బిళ్ళ ఉండి, యూ లేకపోవడం. క్యూ విలువ 10 పాయింట్లు. వాడుకోగలిగితే పండగే, వాడుకోలేక ఆఖర్న చేతిలో మిగిలిపోతే ఆ పదీ మనకే ఎదురు తిరుగుతాయి. అందుకే యూ అవసరం లేని క్యూ మాటల పట్టిక ఏ ఆటగాడికైనా మొదటి పాఠం. బడిలో ఎక్కాల్లాగా దాన్ని నోటికి పట్టాల్సిందే.

ఆ పట్టిక చదువుతుంటే నాకు నవ్వొచ్చింది. బుర్ఖా, నికాబ్, ఫకీర్, ఖాజీ, తలాక్, ఖవ్వాలీ. పైన శీర్షికేమో “అసాధారణ ఇంగ్లీషు పదాలు” అని! చార్మినార్ నుంచి మదీనా దాకా ఒక సాయంత్రం నడిస్తే వీటిలో సగం చెవిన పడతాయి. ఖవ్వాలీనే తీసుకోండి. ఇంగ్లీషులో రాస్తే సరిగ్గా ఏడు అక్షరాలు. చేతిలోని ఏడు బిళ్ళలూ ఒకేసారి దించితే అదనంగా 50 పాయింట్లు, అక్షరాలకి 22, మొత్తం 72. న్యూజీలాండ్‌లోనో కెనడాలోనో ఉన్న ఆటగాడికి అదొక నిధి. నాంపల్లిలో యూసుఫియన్ దర్గా పక్క సందులో పెరిగిన మా మిత్రుడికి అందులో నిధేమీ కనబడలేదు. “ఇది అరుదైన మాటేంటి భాయ్?” అన్నాడు.

వాడి ప్రశ్న దగ్గరే నేను ఆగిపోయాను. పదాల ఆటల కోసం తయారయ్యే ఈ పట్టికల్ని, ఒక్కో మాట పక్కన ఒక్క ముక్కలో అర్థం చెప్పే చిన్న పుస్తకాల్ని సాహిత్యంగా ఎవరూ సమీక్షించరు. కానీ ఇంటింటా, ఫోన్ ఫోన్లోనూ లక్షలమంది తిరగేసే పుస్తకాలివి. చదవడానికి ఉన్నవే కాబట్టి చదివి మాట్లాడదాం.

ఆట పుట్టుక ముందు రెండు మాటల్లో. అమెరికాలో మహా మాంద్యం రోజుల్లో ఉద్యోగం పోయిన ఆర్కిటెక్ట్ ఆల్‌ఫ్రెడ్ బట్స్. పత్రికలు ముందేసుకుని ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తోందో చేత్తో లెక్కపెట్టాడు. ఆ లెక్కే ఈనాటికీ ఆటకి పునాది. ఎక్కువ వాడే అక్షరానికి తక్కువ విలువ, తక్కువ వాడేదానికి ఎక్కువ. ఎస్ తోకతో బహువచనాలు చేసి అందరూ తేలిగ్గా గట్టెక్కేస్తారని ఎస్ బిళ్ళలు నాలుగే పెట్టాడు. 1948లో జేమ్స్ బ్రూనో ఆటకి స్క్రాబుల్ అని పేరు పెట్టి అమ్మకానికి దించాడు. మొత్తం 100 బిళ్ళలు, అందులో రెండు ఖాళీవి. అంటే న్యూయార్క్ పత్రికల ఇంగ్లీషులో ఏది అరుదో అదే ఈ ఆటలో ఖరీదైనది. ఉర్దూలో ‘ఖాఫ్’ ఎంత మామూలు అక్షరమో ఆ పత్రికలకి తెలియాల్సిన పని లేదు.

తర్వాత పేచీలు మొదలయ్యాయి. ఏది మాట, ఏది కాదు? తీర్పు చెప్పడానికి 1978లో అమెరికాలో మెరియం వెబ్‌స్టర్ వాళ్ళు ఆటగాళ్ళ కోసమే ఒక అధికారిక నిఘంటువు వేశారు. బ్రిటన్‌లో మొదట ఛేంబర్స్‌ని నమ్ముకున్నారు, తర్వాత కాలిన్స్ వచ్చింది. ఇప్పుడు అమెరికా బయట ఎక్కువమంది ఆడేది కాలిన్స్ పట్టికతోనే. అందులో 2,80,000 వరకు మాటలున్నాయి. ఇంత ఇంగ్లీషు ఏ ఇంగ్లీషువాడి నోటా ఉండదు.

ఈ పట్టికలో నాకు ఇష్టమైన భాగం రెండక్షరాల మాటలు. వందకు పైగా ఉంటాయి. ఆటకి ఇరుసులాంటివి, ఇవి తెలియకపోతే బోర్డు మీద ఇరుకు సందుల్లో దూరలేం. తాపీగా చదివితే వీటికంటే విచిత్రమైన పుస్తకం ఉండదనిపిస్తుంది. రెండు ‘ఏ’లు పక్కపక్కన పెడితే హవాయి దీవుల్లో గరుకుగా గడ్డకట్టిన లావా. ఏ, ఐ కలిస్తే దక్షిణ అమెరికా చెట్లకి వేలాడే మూడువేళ్ళ స్లాత్ (ఈ రోజుల్లో ఆ రెండక్షరాలు చూసి స్లాత్‌ని తలుచుకునేది స్క్రాబుల్ ఆటగాళ్ళు మాత్రమే). ఎక్స్, యూ కలిస్తే వియత్నాంలో డాంగ్‌లో నూరోవంతు నాణెం. నాణెం చెలామణిలోంచి పోయినా మాటకి ఇక్కడ 9 పాయింట్లు పలుకుతూనే ఉన్నాయి. జెడ్, ఓ కలిస్తే టిబెట్‌లో జడలబర్రెకీ ఆవుకీ పుట్టిన పశువు. దాన్నే మరో మూడు రకాల స్పెల్లింగులతోనూ ఆడొచ్చు. ఇక క్యూ, ఐ. పలకడం ‘చీ’ అని. మనం విసుక్కునే ఛీ కాదు, చైనావాళ్ళ ప్రాణశక్తి. తావో గురువులు శ్వాసని నిలిపి సాధించమన్నదాన్ని మనం క్యూ వదిలించుకోడానికి వాడుతున్నాం.

అచ్చు లేని మాటలు అని ఇంకో పట్టిక కూడా ఉంటుంది. సి, డబ్ల్యూ, ఎమ్. ఇందులో అచ్చేదీ అని ఆశ్చర్యపొమ్మంటారు. వేల్స్ భాషలో డబ్ల్యూ అచ్చే. ఆ మాటని ‘కూమ్’ అంటారు, కొండల మధ్య గిన్నెలాంటి లోయ. అదే వరుసలో ‘క్రూత్’, వేల్స్‌వాళ్ళ పాత తీగవాద్యం. వాళ్ళ బడిపిల్లవాడికి ఇందులో వింతేమీ లేదు. మన ‘ఋ’ని చూపించి ఇదేం అచ్చయ్యా అని ఎవరైనా నోరు వెళ్ళబెడితే మనకెలా ఉంటుందో అలా ఉంటుంది వాళ్ళకి. “అచ్చు లేని మాట” అన్నది మాట లక్షణం కాదు, పట్టిక రాసినవాడు నిలబడ్డ చోటు.

తెలుగులో అర్థం అనే మాటకి రెండర్థాలున్నాయి. ఒకటి భావం, రెండోది డబ్బు. స్క్రాబుల్ మొదటిదాన్ని తీసేసి రెండోదాన్ని ఉంచుకుంది. మాట విలువ ఎంతో తెలిస్తే చాలు, దాని భావం తెలియక్కర్లేదు. ఇది ఎక్కడిదాకా వెళ్ళిందంటే, నైజెల్ రిచర్డ్స్ అని న్యూజీలాండ్‌లో పుట్టి మలేషియాలో ఉండే ఆటగాడు ఇంగ్లీషులో ఐదుసార్లు ప్రపంచ విజేత అయ్యాడు. 2015లో ఫ్రెంచ్ పోటీకి వెళ్ళాడు. ఫ్రెంచ్ మాట్లాడ్డం రాదు. తొమ్మిది వారాలు పట్టిక చదివి, ఫ్రెంచ్‌వాళ్ళని ఫ్రెంచ్‌లో ఓడించాడు. 2024లో స్పానిష్‌లోనూ అదే పని చేశాడు.

ఈ సంగతి చెబితే సాహిత్యం చదివేవాళ్ళు చాలామంది మొహం చిట్లిస్తారు. అర్థం లేని చదువు, బట్టీ, యంత్రం అంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. ఒకటి, బట్టీ అంటే అంత చులకనగా చూడాల్సిన హక్కు మనకి లేదు. అమరకోశం మన పిల్లలు ఒకప్పుడు అర్థం తెలియకుండానే వల్లెవేశారు. అర్థం తీరిగ్గా, పదేళ్ళ తర్వాతో ఇరవయ్యేళ్ళ తర్వాతో వచ్చేది. తేడా ఏంటంటే అమరం మాటల్ని భావాన్నిబట్టి గుంపు కట్టింది. దేవతలొక చోట, నీళ్ళొక చోట, చెట్లొక చోట. స్క్రాబుల్ పట్టిక అక్షరాల్నిబట్టి గుంపు కడుతుంది, అందులో దేవుడి పక్కనే పురుగు ఉంటుంది.

రెండోది ఇంకా ముఖ్యం. థాయిలాండ్‌లో ఇంగ్లీషు అంతంత మాత్రం వచ్చిన పిల్లలు ఈ ఆట బళ్ళలో నేర్చుకుని ప్రపంచ విజేతలయ్యారు, 2003లో ఒకరు, 2009లో ఒకరు. 2015లో పెర్త్‌లో జరిగిన పోటీలో నైజీరియాకి చెందిన వెలింగ్టన్ జిగెరే గెలిచాడు. ఆ కిరీటం ఆఫ్రికాకి రావడం అదే మొదటిసారి. ఇంగ్లీషు ఇంట్లో పుట్టినవాడికి పెద్దగా కలిసిరాని ఇంగ్లీషు ఆట ఇది. యాస లేదు, కాన్వెంటు లేదు, ఉచ్చారణ విని నవ్వేవాడు లేడు. కూర్చుని నేర్చుకున్నవాడిదే గెలుపు. ఇంగ్లీషు ముందు చేతులు నలుపుకుంటూ నిలబడ్డ తరాల్లోంచి వచ్చినవాణ్ణి, నాకిది చాలా బాగుంటుంది. స్టీఫన్ ఫాట్సిస్ అనే విలేకరి 2001లో ‘వర్డ్ ఫ్రీక్’ అని ఈ ఆటగాళ్ళ మీద పుస్తకం రాశాడు. రాయడానికి వెళ్ళి తనే పోటీల్లో మునిగిపోయాడు. పెద్ద ఆటగాళ్ళకి మాటంటే అక్షరాల అమరిక మాత్రమే అని అందులో దగ్గర్నుంచి చూస్తాం. చదివాక వాళ్ళ మీద నాకు గౌరవం పెరిగింది.

కాబట్టి ఉత్త పట్టికతో నాకు పేచీ లేదు. అది నిజాయితీగా ఉంది. “ఇవి అక్షరాలు, అర్థం నన్నడక్కు” అంటుంది. నా పేచీ అంతా ఆ పక్కన ఒక్క ముక్కలో పెట్టే అర్థంతో.

సాంబార్ అనే మాట పట్టికలో ఉంది. చూడగానే మనకి ఏం గుర్తొస్తుందో చెప్పక్కర్లేదు. కానీ ఆటగాళ్ళ నిఘంటువులో సాంబార్ అంటే ఆసియాలో తిరిగే ఒక దుప్పి, మనవాళ్ళు కణుజు అనేది. తప్పేం కాదు, హిందీలో ఆ జంతువు పేరు అదే. ఇడ్లీ, దోసె కాలిన్స్‌లో ఉన్నాయి. పక్కనున్న సాంబారు మాత్రం అడవిలోకి పారిపోయింది. ఇంకోటి, ఖనాత్. యూ లేని క్యూ మాటల్లో పేరున్నది. ఇరాన్‌లో భూమి అడుగున తవ్వి ఊళ్ళకి నీళ్ళు తెచ్చిన సొరంగ కాలువ. తెలుగులో కనాతు అంటే డేరా చుట్టూ కట్టే గుడ్డ తెర, పెళ్ళి పందిళ్ళ దగ్గర ఇప్పటికీ వినబడే మాట. స్పెల్లింగు కలిసినంత మాత్రాన రెండూ ఒకటి కావు. అయితే ఆ నీటి సొరంగాలు మనకి పరాయివేం కాదు, హైదరాబాద్ నుంచి బండేసుకుని పొద్దున్నే బయల్దేరితే బీదర్‌లో బహమనీ సుల్తానుల నాటివి చూసి రావచ్చు. “నీటి కాలువ” అని ఒక్క ముక్క రాస్తే ఈ ఎండా, ఈ తవ్వకం ఏదీ అందులోకి రాదు.

ఇంకాస్త దగ్గరికి వద్దాం. హర్తాళ్, ధర్నా, ఘెరావ్, బంద్, లాఠీ, స్వరాజ్. ఇవన్నీ కాలిన్స్ పట్టికలో ఉన్నాయి. వరసగా పెట్టి చదివితే మన నూరేళ్ళ చరిత్రే. పూర్వం ధర్నా అంటే అప్పిచ్చినవాడు బాకీదారు గుమ్మం ముందు తిండి మాని కూర్చోవడం. అక్కడే చస్తే ఆ పాపం ఇంట్లోవాడిది. అక్కడి నుంచి ఇందిరా పార్క్ దగ్గరి ధర్నా చౌక్ దాకా ఆ మాట నడిచొచ్చిన దూరం చూడండి. అప్పుల్లో పరువుకీ పాపానికీ ఉన్న లంకె, ప్రభుత్వాన్ని బాకీదారుగా నిలబెట్టడం, అన్నీ అందులో ఉన్నాయి. ఆటగాడి పుస్తకంలో అది ఇండియాలో ఒక రకం నిరసన. స్వరాజ్ పరిస్థితి ఇంకా తమాషా. ఏ నామవాచకమైనా బహువచనం ఉండాలి కాబట్టి దానికి తోక తగిలించి ‘స్వరాజెస్’ చేశారు. ఒక్కదానికే అన్నేళ్ళు పట్టింది మనకి!

తలాక్‌కి మాత్రం నాకు నవ్వు రాదు. 14 పాయింట్లు. ఒక్క గుక్కలో మూడుసార్లు ఆ మాటనేసి ఆడవాళ్ళని బయటికి నెట్టడం చెల్లదని సుప్రీంకోర్టు 2017లో తీర్పు చెప్పింది, 2019లో దాన్ని నేరం చేస్తూ చట్టం వచ్చింది, ఆ చట్టం మీద వాదం ఇంకా ఆగలేదు. “విడాకులు” అని పక్కన ఒక్క మాట రాసి ముగించడం కంటే ఏమీ రాయకుండా ఖాళీ వదిలేస్తే నయం. ఖాళీ ఉంటే తెలియదన్న సంగతైనా తెలుస్తుంది. ఒక్క ముక్క అర్థం పెడితే తెలిసిపోయిందనుకుని పేజీ తిప్పేస్తాం.

చోటు లేదు కదా అనొచ్చు. 2,80,000 మాటలకి కథలెవరు రాస్తారు? సరే, ఒప్పుకుంటాను. కానీ ఈ పని వేరేలా చేసిన పుస్తకం ఒకటి మన ఎదురుగానే ఉంది. 1886లో వచ్చిన ‘హాబ్సన్ జాబ్సన్’. హెన్రీ యూల్, ఆర్థర్ బర్నెల్ అనే ఇద్దరు దొరలు కూర్చిన ఆంగ్లో ఇండియన్ మాటల పోగు. ఆ పేరే ఒక కథ. మొహర్రం ఊరేగింపులో “యా హసన్, యా హుసేన్” అని గుండెలు బాదుకునే కేకలు తెల్ల సిపాయిల చెవిలో అలా పడ్డాయి. ఒక దుఃఖాన్ని వెక్కిరింతగా మార్చి పుస్తకానికి పేరు పెట్టుకున్నారు. దొరతనం ఎక్కడికి పోతుంది? అయినా ఆ పుస్తకం నాకు ముద్దు. ఎందుకంటే ఒక్కో మాట ఎవరి దగ్గర్నుంచి వచ్చింది, ఏ ఓడ ఎక్కింది, ఎవరెవరు ఎలా పలికారు అన్నదంతా ఏళ్ళతో సహా పరిచి చూపిస్తారు. మాట వెనక మనుషులున్నారని మర్చిపోనివ్వరు.

అందులోనే కనిపిస్తుంది బాండికూట్. మన పందికొక్కే. తెలుగు నుంచి ఇంగ్లీషులోకి వెళ్ళినవాటిలో బహుశా అందరికంటే ఎక్కువ దూరం తిరిగినది ఇదే. ఇక్కడ గాదెల కింద బొరియలు తవ్వుకునే జంతువు పేరు దొరల నోట్లో పడి ఆస్ట్రేలియా చేరింది. అక్కడ పొడుగు ముక్కున్న వేరే జంతువుకి, కంగారూలాగా పిల్లల్ని సంచిలో మోసేదానికి, ఆ పేరు తగిలించారు. అంతటితో ఆగకుండా ఆస్ట్రేలియావాళ్ళు దాన్ని క్రియ కూడా చేశారు. బాండికూట్ చెయ్యడం అంటే పైన ఆకులు కదలకుండా, అడుగు నుంచి బంగాళాదుంపలు లాగేయడం. పొద్దున్న వచ్చి చూసుకున్న రైతుకి చేను పచ్చగానే ఉంటుంది. కాలిన్స్‌లో ఆ క్రియ కూడా చెల్లుతుంది, భూతకాలంతో సహా. పందికొక్కు చేసిన నష్టం ఎరిగిన మన రైతుకి ఈ ప్రయోగం చెబితే ఎంత సంతోషిస్తాడో!

మనవైపు కూడా ఒకసారి చూడాలి. తెలుగు చేతులు ముడుచుకుని ఏం కూర్చోలేదు. సి.పి. బ్రౌన్ 1854లో ప్రత్యేకంగా ఒక నిఘంటువే వేశాడు, తెలుగులో వాడుకలో ఉన్న అన్యదేశ్యాలతో, మిశ్రమ మాటలతో. కచేరీల్లో, కరణాల లెక్కల్లో దొర్లే అరబ్బీ, పారసీ, హిందుస్తానీ మాటలు. జిల్లా, తాలూకా, వకీలు, రాజీనామా. అవి లేకుండా ఇవాళ తెలుగు పేపరు మొదటి పేజీ నిండదు. పండితులకి అవి మైల మాటలు. బ్రౌన్‌కి మాత్రం జనం నోట ఉన్న మాటలు. అప్పుగా తెచ్చుకున్న మాటని అసాధారణం అని అద్దాల పెట్టెలో పెట్టకుండా పనిలో పెట్టింది తెలుగు. ఇంగ్లీషు కూడా తన పనిలో ఉన్నప్పుడు అలాగే చేస్తుంది. షాంపూ, జంగిల్, బంగ్లా అన్నప్పుడు ఏ ఇంగ్లీషువాడూ ఆశ్చర్యపోడు. ఆటల పుస్తకంలోకి వచ్చేసరికే ఈ ప్రదర్శనశాల బుద్ధి పుడుతుంది.

ఇక అసలు చిక్కు. మాటలు బోర్డు మీద ఉత్త అక్షరాలే అయితే తిట్లని ఏం చెయ్యాలి? ఈ గొడవ పాతదే. 1990లలో అమెరికాలో జాతుల్నీ మతాల్నీ కించపరిచే మాటలు ఆట నిఘంటువులో ఎందుకున్నాయని ఫిర్యాదు వచ్చింది. కంపెనీ తీసేయబోతే ఆటగాళ్ళు ఎదురు తిరిగారు. చివరికి ఇళ్ళకీ బళ్ళకీ ఒక పట్టిక, పోటీలకి ఇంకొకటి అని సర్దుకున్నారు. 2020లో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత ఉత్తర అమెరికా పోటీల పట్టిక నుంచి రెండు వందలకు పైగా మాటలు తీసేశారు. 2021లో కాలిన్స్ పట్టిక నుంచి సుమారు 400 పోయాయి. చాలామంది మంచి ఆటగాళ్ళు, అందులో నల్లవాళ్ళు కూడా, దీన్ని ఒప్పుకోలేదు. బోర్డు మీద ఏ మాటకీ అర్థం లేదని మేం ముందునుంచీ అంటున్నాం కదా, ఇప్పుడు కొన్నిటికి మాత్రం అర్థం ఎలా వచ్చిందని వాళ్ళ వాదన. బలమైన వాదనే. కానీ ఆ మాటే పెట్టి జీవితమంతా తిట్లు తిన్న మనిషి బల్లకి అవతల కూర్చున్నప్పుడు అది నిలబడదు. బిళ్ళలు పేర్చే చేతికి అర్థం అక్కర్లేకపోవచ్చు, చూసే కంటికి ఉంటుంది. తీసేయడం మంచిదే అయిందని నా అభిప్రాయం.

ఎవరి కంటికి అన్నది మాత్రం మళ్ళీ మా మిత్రుడి ప్రశ్న దగ్గరికే వస్తుంది. ‘పారయా’ ఇంకా పట్టికలో ఉంది. ఇంగ్లీషులో ఎంత మామూలు మాటో చెప్పక్కర్లేదు. ఏ దేశాన్నైనా మిగతా దేశాలు దూరం పెడితే పత్రికలు ఆ మాటే వాడతాయి. వెలివేతకి గురైనవాడు అని అర్థం రాస్తారు. అది తమిళనాట ఒక కులం పేరు. ‘పరై’ అనే డప్పు నుంచి వచ్చిందని నిఘంటువులు చెబుతాయి. డప్పు కొట్టే మనుషుల పేరు తీసుకుని, వాళ్ళకి జరిగిన అన్యాయాన్నే ఆ పేరుకి అర్థంగా రాసేశారు. అమెరికావాళ్ళకీ ఇంగ్లీషువాళ్ళకీ అందులో డప్పు వినబడదు, కాబట్టి అది తిట్ల పట్టికలో చేరలేదు. మద్రాసులో వినబడుతుంది. ఆ మాట వెనక చావు డప్పునీ ఊరవతలి వాడనీ ఎరిగిన మన పల్లెల్లోనూ వినబడుతుంది.

ఇంగ్లీషులో దానికి ఆరు అక్షరాలు, 11 పాయింట్లు. ఈమధ్య ఒక ఆటలో సరిగ్గా ఆ ఆరూ నా చేతికొచ్చాయి. అవే అక్షరాల్ని అటూ ఇటూ జరిపితే ‘రాఫియా’ అవుతుంది. మడగాస్కర్‌వైపు పెరిగే ఒక తాటిజాతి చెట్టు, దాని ఆకుల నారతో బుట్టలల్లుతారు. అదీ చెల్లుతుంది, అవే 11 పాయింట్లు. నేను రాఫియా వేశాను.